పరుగెత్తే హక్కు, ఆగే హక్కు

ఇవాళ తెలంగాణలో గానీ, ఆంధ్రలో గానీ ఏ మండల కేంద్రానికి వెళ్ళినా తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో పరుగెత్తుతున్న ఆడపిల్లలు కనిపిస్తారు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి, అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి 'ఈవెంట్స్' గట్టెక్కాలని వాళ్ళు పరుగెత్తుతున్నారు. అదే వేళకు హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద, విశాఖలో బీచ్ రోడ్డు మీద మరికొందరు స్త్రీలు పరుగెత్తుతుంటారు. వీళ్ళలో బ్యాంకు ఉద్యోగులు, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, టీచర్లు, నలభై దాటిన గృహిణులు ఉంటారు. వీళ్ళు ఏటా జరిగే పది కిలోమీటర్ల పరుగుకో, హాఫ్ మారథాన్‌కో తయారవుతున్నారు. మొదటి వాళ్ళకు పరుగు బతుకుతెరువు. రెండో వాళ్ళకు ఆరోగ్యం, ఉల్లాసం, కొంతసేపు తమకంటూ దొరికిన సమయం. వీళ్ళెవరూ క్రీడాకారిణులు కారు. వీళ్ళకు ప్రభుత్వం నియమించిన కోచ్ లేడు, వైద్యుడు లేడు, భత్యం లేదు.

ఈ రెండు రకాల స్త్రీలకూ ఉమ్మడిగా ఉన్నది నొప్పి. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, పిక్క ముందు ఎముక పొడవునా సలుపు, పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పొడుచుకున్నట్టుండే బాధ, ఎంతకూ తగ్గని చీలమండ వాపు. నొప్పిని దాచుకుని పరుగెత్తడం, కట్టు కట్టుకుని పరుగెత్తడం, మాత్ర మింగి పరుగెత్తడం సాధారణమైపోయింది. హక్కుల పత్రిక సంపాదకీయంలో మోకాలి నొప్పుల గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. స్త్రీల శరీరం మీద ఎవరి నిర్ణయం చెల్లుతుంది, స్త్రీల సమయం ఎవరిది, స్త్రీలు దెబ్బతిన్నప్పుడు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నలు మనం పాతికేళ్ళకు పైగా అడుగుతూనే ఉన్నాం. ఆ ప్రశ్నలన్నీ ఈ నొప్పిలో ఉన్నాయి. అందుకే రాస్తున్నాం.

'మీ వల్ల కాదు' అన్న చరిత్ర

స్త్రీల పరుగును ఆపడానికి మొదటినుంచీ వాడిన ఆయుధం స్త్రీ శరీరం బలహీనమనే వాదనే. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టారు. ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిది మందీ పందెం పూర్తిచేశారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. పందెం ముగిశాక కొందరు అలసి నేలమీద వాలిపోయారు. పురుషులు అలసి పడిపోతే అది వీరత్వం, స్త్రీలు పడిపోతే అది స్త్రీజాతి అశక్తతకు రుజువు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఒలింపిక్స్‌లో స్త్రీల 800 మీటర్ల పందెం రద్దయింది. మళ్ళీ 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో గానీ దాన్ని పెట్టలేదు. ముప్పై రెండేళ్ళ నిషేధానికి కారణం కొద్ది నిమిషాల అలసట.

అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో పాల్గొంటానని 1966లో బాబీ గిబ్ దరఖాస్తు పెట్టుకుంటే, స్త్రీల శరీరానికి అంత దూరం పరుగెత్తే శక్తి లేదని నిర్వాహకులు తిరస్కరించారు. ఆమె ప్రారంభ రేఖ దగ్గర పొదల్లో దాక్కుని, పందెం మొదలవగానే గుంపులో కలిసిపోయి 42 కిలోమీటర్లూ పరుగెత్తింది. మరుసటి ఏడాది, 1967లో, క్యాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరాలతో నమోదు చేసుకుని నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన దారి మధ్యలో వెంటపడి ఆ నంబరు పీకివేయబోయాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. స్త్రీలను అధికారికంగా అనుమతించడానికి మరో ఐదేళ్ళు, 1972 దాకా, పట్టింది. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో లాస్ ఏంజెలెస్‌లో మొదలయింది. మన పి.టి. ఉష సెకనులో వందో వంతు తేడాతో కాంస్య పతకం పోగొట్టుకున్నదీ ఆ ఒలింపిక్స్‌లోనే.

ఆ తొలి మారథాన్ విజేత జోన్ బెనాయిట్ కథ గాయాల కథ కూడా. ఆ దేశపు ఎంపిక పోటీలకు పదిహేడు రోజుల ముందు ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగింది. అయినా పరుగెత్తి ఎంపికయింది, ఒలింపిక్స్‌లో గెలిచింది. ఈ కథను ఇవాళ్టికీ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. కానీ ఆమెకు ఆపరేషన్ అయిన వెంటనే వైద్యులున్నారు, వ్యాయామ చికిత్స ఉంది. అవేవీ చెప్పకుండా పట్టుదల ఒక్కటే చెబితే అది సగం కథ. ఆ సగం కథను మన అమ్మాయిలకు చెప్పి, 'చూడు, ఆమె ఆపరేషన్ అయ్యాక కూడా పరుగెత్తింది, నీకేం నొప్పి' అనడం అన్యాయం.

'మీ వల్ల కాదు' అనే మాట ఇప్పుడు ఎవరూ బాహాటంగా అనరు. దాని స్థానంలో మరో మాట వచ్చింది. 'పరుగెత్తండి, ఎవరొద్దన్నారు? దెబ్బ తగిలితే మాత్రం అది మీ తప్పు.' సరిగా వార్మప్ చేయలేదని, బరువు ఎక్కువని, వయసు మీరిందని, మనసు గట్టిగా లేదని తప్పంతా ఆమె మీదికే నెడతారు. ఈ రెండో మాట మొదటిదానికన్నా మర్యాదగా కనిపిస్తుంది కాబట్టే ఎక్కువ ప్రమాదకరం.

ఎముక ఎందుకు చిట్లుతుంది

పరుగులో వచ్చే గాయాల్లో ఎక్కువ భాగం కిందపడి తగిలించుకునేవి కావు. శరీరం తట్టుకోగల దానికన్నా వేగంగా భారం పెంచడం వల్ల మెల్లగా వచ్చేవి. దీని వెనకున్న శాస్త్రం మన కార్యకర్తలు తెలుసుకోవలసినది. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాలకే గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడతాయి. ఆయాసం తగ్గుతుంది. 'నాకిప్పుడు శక్తి వచ్చింది' అనిపిస్తుంది. కానీ ఎముకలకు, కండరాన్ని ఎముకతో కలిపే నరాలవంటి పట్టీలకు నెలలు పడుతుంది. పైగా కొత్త భారం పడినప్పుడు ఎముక ముందుగా పాత భాగాన్ని కరిగించుకుని, తరవాత కొత్త భాగాన్ని కట్టుకుంటుంది. పాత గోడ కూల్చి కొత్త గోడ లేపేటప్పుడు ఇల్లు కొన్నాళ్ళు బలహీనంగా ఉన్నట్టే, ఆ కొద్ది వారాలూ ఎముక మామూలుకన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఆయాసం తగ్గిందని దూరం రెట్టింపు చేస్తే ఎముకలో వెంట్రుకవంటి చీలిక వస్తుంది.

కానిస్టేబుల్ అభ్యర్థుల విషయంలో జరుగుతున్నది ఇదే. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్ల పరుగు ఉంది. అటవీ శాఖ ఉద్యోగాలకు స్త్రీలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. వినడానికి ఇవి అసాధ్యమైనవేమీ కావు. ఆరోగ్యంగా ఉండి, ఆరేడు నెలలు క్రమంగా అభ్యాసం చేస్తే చాలామంది అందుకోగలిగినవే. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చాక రాత పరీక్ష, కోర్టు కేసులు, వాయిదాలు. ఒకసారి వాయిదా పడి ఏళ్ళు గడుస్తాయి, మరోసారి హఠాత్తుగా తేదీ ప్రకటిస్తారు. అమ్మాయి అప్పటిదాకా పుస్తకాల ముందు కూర్చుని, తేదీ తెలిసిన మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం గ్రౌండుకు వెళుతుంది. ఆరు నెలల అభ్యాసాన్ని ఆరు వారాల్లో కుక్కడమంటే ఎముకను చిట్లగొట్టుకోవడమే. దీనికి బాధ్యత ఆ అమ్మాయి తొందరపాటుదా, తేదీలు చెప్పని వ్యవస్థదా?

అనేక దేశాల సైన్యాల్లో కొత్తగా శిక్షణలో చేరిన స్త్రీలకు పురుషులకన్నా ఇటువంటి ఎముక చీలికలు ఎక్కువగా వస్తాయని గుర్తించారు. ఇది చూపించి 'చెప్పాంగా, ఆడవాళ్ళ ఎముకలింతే' అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కానీ శిక్షణలో చేరేనాటికి ఎవరికెంత దారుఢ్యం ఉందో లెక్కలోకి తీసుకుంటే గాయాల్లో ఆ తేడా చాలావరకు తగ్గిపోతుందని అమెరికా సైన్యంలో జరిగిన అధ్యయనాల్లో తేలింది. అంటే చిన్ననాటినుంచీ పరుగెత్తిన స్త్రీకీ, పరుగెత్తిన పురుషుడికీ మధ్య అంతరం తక్కువ. అసలు అంతరం పరుగెత్తనిచ్చిన వాళ్ళకూ, పరుగెత్తనివ్వని వాళ్ళకూ మధ్య ఉంది.

మనిషి ఎముకల్లో చేరే గట్టిదనంలో చాలా భాగం ఇరవై ఏళ్ళ లోపే చేరుతుంది. గెంతులు, పరుగులు, తాడాటలు ఎముకను గట్టిచేస్తాయి. మన దగ్గర ఆడపిల్ల సరిగ్గా ఏ వయసులో ఆటలు మానేస్తుంది? పెద్దమనిషి కాగానే. 'ఇంక ఎగరడాలు, దుమకడాలు మానెయ్' అంటాం. పిల్లవాడు సాయంత్రం క్రికెట్‌కు పోతే, పిల్ల పొయ్యి దగ్గరికో, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో పోతుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. ఉన్నచోట కూడా ఆ స్థలం మగపిల్లలదే. పదేళ్ళు కూర్చోబెట్టిన శరీరాన్ని ఇరవై రెండో ఏట ఒక్కసారిగా లేచి పరుగెత్తమని, చిట్లితే నీ ఎముక బలహీనమని అంటున్నాం.

ఆఖరున తినే మనిషి

దీనికి తోడు తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఈ సంఖ్య దానికన్నా కొంచెం ఎక్కువే. రక్తంలో ఇనుము లేనిదే కండరానికి ప్రాణవాయువు చేరదు. రక్తహీనత ఉన్న అమ్మాయి మిగతావాళ్ళతో సమానంగా పరుగెత్తుతున్నదంటే ఆమె గుండె మరింత ఎక్కువ పని చేస్తోందన్నమాట. ఆమెను 'నెమ్మదిగా ఉంది, పట్టుదల లేదు' అని తిట్టే కోచ్‌కు ఆమె హిమోగ్లోబిన్ ఎంతో తెలియదు. ఆమెకూ తెలియదు.

చేసే శ్రమకు తగినంత తినకపోతే స్త్రీలలో నెలసరి క్రమం తప్పుతుంది, కొందరిలో ఆగిపోతుంది. దాంతో ఎముకలను కాపాడే హార్మోను తగ్గి అవి పెళుసుబారతాయి. తిండి చాలకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముక బలహీనపడడం అనే ఈ మూడింటి ముడిని అమెరికా క్రీడా వైద్యులు 1992లో గుర్తించి పేరుపెట్టారు. ఒకటి రెండు అవయవాలకే కాదు, మొత్తం శరీరానికే దీనివల్ల నష్టమని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దాన్ని విస్తరించి చెప్పారు. పాశ్చాత్య దేశాల్లో దీనికి ముఖ్య కారణం సన్నబడాలని తిండి మానడం. మన నగరాల్లోనూ ఇప్పుడది ఉంది. కానీ మన ఊళ్ళలో ఎవరూ తిండి మానరు, తిండి మిగలదు. అందరూ తిన్నాక తినే అలవాటు, గుడ్డు కొడుక్కి, చారు కూతురికి అనే పంపకం, పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండుకు పోయి, వచ్చాక ఇంటిపని ముగించి పదింటికి ఇంత చద్ది తినడం ఇందుకు కారణాలు. 'పరుగు మొదలెట్టాక నెలసరి రావడం లేదు, హాయిగా ఉంది' అని ఏ అమ్మాయి అయినా అంటే అది సంతోషించవలసిన సంగతి కాదు. శరీరం చేస్తున్న హెచ్చరిక అది. ఈ మాట ప్రతి గ్రౌండులోనూ ఎవరో ఒకరు చెప్పాలి. మగ కోచ్‌తో నెలసరి గురించి మాట్లాడలేని చోట ఆ ఎవరో ఒకరు మనమే కావాలి.

విశ్రాంతి ఎవరికి దొరుకుతుంది

ఎముక చీలికకు మందు ఖరీదైనదేమీ కాదు. విశ్రాంతి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలి మీద భారం తగ్గించాలి. మోకాలి నొప్పికీ, మడమ నొప్పికీ కూడా తొలి చికిత్స పరుగు తగ్గించి, కొద్దిపాటి వ్యాయామాలు చేయడమే. మందుల షాపులో దొరకని ఈ మందు స్త్రీలకు మరెక్కడా దొరకదు.

2024లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. ఇంటిపని చేసే పురుషులు గడిపేది 88 నిమిషాలు. ఈ లెక్కను పరుగుకు అన్వయించి చూడండి. పరుగు నేర్పే పుస్తకాలన్నీ వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి దినం అంటాయి. పురుషుడి విశ్రాంతి దినం అంటే కాలు బారజాపుకుని కూర్చునే రోజు. స్త్రీ విశ్రాంతి దినం అంటే పరుగు తప్ప మిగతా పనులన్నీ ఉండే రోజు. గొంతుకు కూర్చుని అంట్లు తోమడం, బట్టలుతకడం, బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కడం, గంటల తరబడి పొయ్యి ముందు నిలబడడం ఇవన్నీ మోకాలికీ మడమకూ పరుగుకు తీసిపోని భారాలే. డాక్టరు 'ఆరు వారాలు రెస్టు తీసుకోమ్మా' అంటే ఆమె తలూపి ఇంటికొస్తుంది. గ్రౌండుకు పోవడం మానుతుంది, పని మానదు. ఆరు వారాలయ్యాక నొప్పి తగ్గదు. 'పరుగే వద్దని ముందే చెప్పాం' అని ఇంట్లోవాళ్ళు అంటారు. అలా పరుగు ఆగిపోతుంది. పని ఆగదు.

1948 విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అంటుంది. మన దేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందం 10, 13 అధికరణాలు క్రీడల్లో, వ్యాయామ విద్యలో, వినోదంలో స్త్రీలకు సమాన హక్కు ఉందంటాయి. ఈ రెంటినీ కలిపి చదవాలి. విశ్రాంతి హక్కు లేని పరుగు హక్కు స్త్రీకి అదనపు చాకిరీ మాత్రమే.

నాటు వేసి నడుము పట్టేసిన కూలి స్త్రీకి, రోజంతా ఇంటింటికీ తిరిగి పాదాలు వాచిన ఆశా కార్యకర్తకు, బీడీల ముందు కూర్చుని మోకాళ్ళు అరిగిన ముసలమ్మకు వచ్చే నొప్పులు కూడా ఇవే. క్రీడాకారుడికి వస్తే దానికి ఇంగ్లీషు పేరు, ప్రత్యేక వైద్యుడు ఉంటాయి. కూలి స్త్రీకి వస్తే 'కష్టపడ్డ ఒళ్ళు, నొప్పులుండవా' అంటారు. పరుగెత్తే స్త్రీ గాయాన్ని పట్టించుకోవడమంటే ఈ స్త్రీలను మరచిపోవడం కాదు. అందరి ఒంటినొప్పినీ వైద్యం అవసరమైన గాయంగా గుర్తింపజేయడానికి ఇదొక దారి.

మాత్ర, కట్టు, మౌనం

విశ్రాంతి దొరకని చోట ఏం దొరుకుతుంది? నొప్పి మాత్ర. ఈవెంట్స్ రోజుల్లో డైక్లోఫినాక్ వంటి మాత్రలు మింగి పరుగుకు దిగడం మామూలయింది. నొప్పి అనేది శరీరం వేసే కేక. మాత్ర ఆ కేకను అణుస్తుంది గానీ గాయాన్ని మాన్పదు. ఎండలో, నీళ్ళు తాగకుండా, ఖాళీ కడుపున ఈ మాత్రలు వాడితే కడుపులో పుళ్ళు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రోజుల తరబడి వాడడం మరీ ప్రమాదం.

ఇక కట్టు. ఎముక విరిగితే పుత్తూరు పోవడం మన దగ్గర తరాల అలవాటు. ఆస్పత్రి దూరం, ఖర్చు భయం ఉన్న జనాన్ని ఆ అలవాటుకు తప్పుపట్టలేం. కానీ పరుగు వల్ల వచ్చే సన్నటి చీలిక చేత్తో తడిమితే తెలిసేది కాదు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనిపించదు. 'ఫొటోలో ఏమీ లేదు, నాటకాలాడుతున్నావు' అనే మాట ఎందరో అమ్మాయిలు వింటున్నారు. అందుకే లక్షణాలు తెలిసి ఉండాలి. కండరం నొప్పి రెండు కాళ్ళలో, విశాలంగా, ఒకటి రెండు రోజులుండి పోతుంది. ఎముక నొప్పి ఒకేచోట, వేలితో నొక్కి చూపగలిగేలా ఉంటుంది. పరుగెత్తే కొద్దీ పెరుగుతుంది. ముదిరితే నడిచినా, రాత్రి పడుకున్నా బాధిస్తుంది. ఒంటికాలి మీద గెంతితే భరించలేనట్టుంటుంది. ఇలా ఉంటే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గజ్జల్లో, తొడ మూలంలో ఇటువంటి నొప్పి వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. తుంటి దగ్గర ఎముక పూర్తిగా విరిగితే జీవితాంతం కుంటు మిగిలే ప్రమాదముంది. ఎవరు కట్టిన కట్టయినా వేళ్ళు తిమ్మిరెక్కితే, నీలంగా మారితే వెంటనే విప్పించి ఆస్పత్రికి పోవాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు కనిపించడం అరుదు. పట్టణంలో ఒక్కో సిట్టింగుకు డబ్బు కట్టి పది సార్లు తిరగాలి. కూలి చేసుకునే ఇంట్లో కూతురి మోకాలి కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు? అప్పటికే కోచింగ్ ఫీజుకు అప్పు చేసి ఉంటారు. ఆ అప్పు గుర్తొచ్చే ఆ అమ్మాయి నొప్పి సంగతి ఇంట్లో చెప్పదు.

గ్రౌండులో ఎవరున్నారు

గాయమంటే ఎముకకు తగిలేదే కాదు. తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే స్త్రీ వెంట పడే మాటలు, నెమ్మదించే మోటారు సైకిళ్ళు, సెల్‌ఫోన్‌లో తీసే వీడియోలు కూడా గాయాలే. అందుకే చాలామంది చీకటి విడిచాకనే వస్తారు. అప్పటికి ఎండ ఎక్కుతుంది. ఎండాకాలంలో ఆలస్యంగా పరుగెత్తడం వడదెబ్బకు దారి. భయం వేళను మారుస్తుంది, వేళ ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంది. గ్రౌండులో దీపాలు లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, అందుకని నీళ్ళు తాగకుండా రావడం అన్నీ ఒకదానికొకటి ముడిపడినవే.

బట్టల సంగతి కూడా చెప్పుకోవాలి. పరుగెత్తే స్త్రీల కోసం ప్రత్యేకమైన లోదుస్తు అమెరికాలో 1977లో ముగ్గురు స్త్రీలు కుట్టి చూసేదాకా మార్కెట్లో లేదు. మన పల్లెల్లో ఇవాళ్టికీ అది అడగడానికి సిగ్గు, కొనడానికి భారం. చున్నీ పిన్నులతో బిగించుకుని, చెప్పుల షాపులో దొరికిన మగపిల్లల కాన్వాసు బూట్లు వేసుకుని పరుగెత్తేవాళ్ళు ఎందరో.

కోచింగ్ సెంటర్లలో, స్టేడియాల్లో వేధింపుల గురించి మాట్లాడక తప్పదు. 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మహిళా రెజ్లర్లు వారాల తరబడి చేసిన ఆందోళన మనకు గుర్తుంది. దేశానికి పతకాలు తెచ్చినవాళ్ళకే వినిపించుకునే నాథుడు లేకపోతే, మండల కేంద్రంలో కోచింగ్‌కు వచ్చే అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది? గాయానికి మర్దన చేస్తాననే పేరుతో జరిగే చేష్టలు గాయపడిన అమ్మాయి మీదే ఎక్కువ. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో 'పనిచోటు' నిర్వచనంలో క్రీడా సంస్థ, స్టేడియం, క్రీడా ప్రాంగణం, పోటీ జరిగే స్థలం కూడా ఉన్నాయి. ఈ సంగతి చాలామంది కార్యకర్తలకే తెలియదు. జిల్లాలో ఉండే స్థానిక కమిటీ దగ్గరికి ఈ కేసులు తీసుకుపోవచ్చు.

మనలో మనకున్న సందేహాలు

మన సంఘాల్లోనే ఒక వాదన ఉంది. మారథాన్లు డబ్బున్నవాళ్ళ వినోదం, వేల రూపాయల బూట్లు, కంపెనీల ప్రకటనలున్న చొక్కాలు, వాటితో మనకేం పని అని. ఇందులో నిజం లేకపోలేదు. మహిళా దినోత్సవం నాడు గులాబి రంగు టీషర్టులు పంచి ఐదు కిలోమీటర్లు పరుగెత్తించి, మర్నాడు అదే కంపెనీలో ఊడ్చే స్త్రీకి కనీస వేతనం ఇవ్వని తతంగాన్ని మనం ప్రశ్నించవలసిందే. అయినా రోడ్డు మీద ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, తన ఇష్టంకొద్దీ ఉండే హక్కు మధ్యతరగతి స్త్రీకి కూడా ఇంకా రాలేదు. ఆమె కష్టపడి సంపాదించుకున్న ఆ గంటను ఎగతాళి చేస్తే మన బలం పెరగదు. ఆమెను పక్కనున్న గ్రౌండులో పరుగెత్తే కానిస్టేబుల్ అభ్యర్థి దగ్గరికి తీసుకురావడం మన పని. ఆమెకు తెలిసిన ఫిజియోథెరపిస్టు, ఆమె వాడి పక్కనపెట్టిన మంచి బూట్లు, ఆమె అనుభవం ఇక్కడ ఎంతో అవసరం.

ఇంకో వాదన, స్త్రీలకు పరుగు పరీక్షే తీసెయ్యాలని అడగాలని. మేము దీన్ని సమర్థించడం లేదు. ప్రమాణం తగ్గించమని అడిగితే 1928 నాటి వాదనను మన నోటితో మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ప్రమాణాన్ని అందుకునే అవకాశం ఇవ్వమని అడుగుదాం. సమయం, తిండి, స్థలం, వైద్యం ఇచ్చి అప్పుడు పరీక్ష పెట్టమందాం.

అందుకని మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. నోటిఫికేషన్‌కూ శారీరక పరీక్షకూ మధ్య కనీసం ఆరు నెలల వ్యవధి ఇచ్చి తేదీ ముందే ప్రకటించాలి. గాయపడినవాళ్ళకు, గర్భిణులకు, బాలింతలకు తరవాతి తేదీలో పరీక్ష రాసే హక్కు ప్రతి నోటిఫికేషన్‌లోనూ రాతపూర్వకంగా ఉండాలి. పరీక్ష జరిగే చోట నీడ, తాగునీరు, మహిళా వైద్యురాలు, అంబులెన్స్ తప్పనిసరి చేయాలి. అభ్యర్థినులకు దరఖాస్తు నాడే ఉచితంగా రక్తపరీక్ష చేసి ఇనుము మాత్రలివ్వాలి. ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ ఉచితంగా అందాలి. మండల కేంద్రంలోని గ్రౌండులో దీపాలు, మరుగుదొడ్డి ఉండాలి. కోచింగ్ సెంటర్ల నమోదు, వాటిలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మారథాన్‌లు నిర్వహించేవాళ్ళు వసూలు చేసే రుసుములో కొంత స్థానిక ప్రభుత్వ పాఠశాల ఆటస్థలాలకు ఇవ్వాలని మున్సిపాలిటీలు షరతు పెట్టాలి.

డిమాండ్లకు ముందే మనం చేయగలిగినవి ఉన్నాయి. ఈ మూడు నెలల్లో మీ మండలంలో పరుగెత్తే అమ్మాయిలు ఎంతమంది, ఎక్కడ, ఏ వేళ, ఏం తిని పరుగెత్తుతున్నారో, ఎవరికి ఏ నొప్పి ఉందో రాసి పెట్టండి. పొదుపు సంఘం సమావేశంలో ఒక అరగంట ఈ విషయానికి ఇవ్వండి. ఇంట్లో పరుగెత్తే కూతురికి ఒక గుడ్డు, ఒక గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క ముందు పెట్టమని తల్లులతో మాట్లాడండి. గాయపడిన అమ్మాయి ఇంటికి వెళ్ళండి. అన్నదమ్ములతో, తండ్రితో మాట్లాడి ఆ ఆరు వారాలు ఆమె బిందె మరొకరు ఎత్తేలా చూడండి. అది చిన్న పనిగా కనిపిస్తుంది. ఇంటిపని పంపకం గురించి మనం వేదికల మీద ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఆ ఒక్క బిందె దగ్గర పరీక్షకు నిలుస్తుంది.

స్త్రీలు పరుగెత్తగలరా అన్న ప్రశ్నకు ప్రపంచంలో ఎప్పుడో జవాబు దొరికింది. వాళ్ళు దెబ్బతిన్నప్పుడు ఆగి, కోలుకుని, మళ్ళీ మొదలుపెట్టగలిగే పరిస్థితి మన ఊళ్ళలో ఉందా అన్నది ఇప్పటి ప్రశ్న. దానికి జవాబు మన ఇళ్ళలో, గ్రౌండుల్లో, ఆస్పత్రుల్లో మనమే రాబట్టాలి. మీ మండలంలో మీరు రాసి పెట్టిన వివరాలు మాకు పంపండి. వాటితోనే ఈ డిమాండ్లను ప్రభుత్వం ముందు పెడదాం.